మన ఊరి ఛానల్‌కి చోటేదీ?

వికారాబాద్‌లో నల్లా నీళ్ళు ఏ పూట వస్తాయో, తాండూరు మార్కెట్‌లో కందుల ధర ఎంత పలికిందో హైదరాబాద్ ఛానళ్ళకెందుకు? చెబితే కేబుల్‌లో వచ్చే లోకల్ ఛానలే చెప్పాలి. 1995 నాటి కేబుల్ చట్టం దూరదర్శన్‌ని తప్పనిసరిగా చూపించమంది. మంచిదే. మరి ఊరి ఛానల్‌కి ఆ భరోసా ఏదీ?

2022 నవంబరులో కేంద్రం కొత్త మార్గదర్శకాలిచ్చింది. పెద్ద కేబుల్ ఆపరేటర్ల సొంత ఛానళ్ళు, వాళ్ళు మోయగల మొత్తం ఛానళ్ళలో 5 శాతం దాటకూడదు. ఒక్కో ఛానల్‌కి ఒకసారి 1000 రూపాయల ఫీజు, ఫరవాలేదు. స్థానిక వార్తలు చెప్పాలంటే మాత్రం కంపెనీగా నమోదవాలట! ఇంతకు మించొద్దన్నారు సరే, కనీసం ఊరికొక్కటైనా ఉండాలని ఎందుకనలేదు? ఈ నెల డబ్బులకొచ్చే కేబుల్ అబ్బాయిని మనమే అడుగుదాం: “బాబూ, మన ఊరి ఛానల్ ఏ నంబర్లో వస్తుంది?”