మార్కులు వేసేవారి జీతం ఎవరిది?

2007 నవంబరులో అమెరికాలోని గేమ్‌స్పాట్ వెబ్‌సైటు తన సమీక్షకుడు జెఫ్ గెర్స్ట్‌మన్‌ను ఉద్యోగం నుంచి తొలగించింది. ‘కేన్ అండ్ లించ్’ అనే వీడియో గేముకు ఆయన పదికి ఆరు మార్కులే వేశారు. అదే సమయంలో ఆ సైటు నిండా ఆ గేము ప్రకటనలే. ప్రకటనలు ఆపేస్తామన్న కంపెనీల ఒత్తిడిని యాజమాన్యం తట్టుకోలేకపోయిందని 2012లో ఆయన వెల్లడించారు.

ఆటల సంగతే కదా అని కొట్టిపారేయలేం. సమీక్షను నమ్మి డబ్బు పెట్టేది పాఠకుడు. సమీక్షకుడి జీతానికి డబ్బు వచ్చేది అమ్మేవాడి నుంచి. అలాంటి చోట నిజం చెబితే ఉద్యోగమే పోతుంది. ప్రకటనలు తీసుకునే ప్రతి పత్రికకూ ఇదే పరీక్ష. ప్రకటన ఇచ్చినవారికి సంపాదకుడి కలం మీద హక్కు ఉండకూడదని మేం నమ్ముతున్నాం. పాఠకులారా, మార్కులు చూసేముందు అవి వేసినవారిని పోషిస్తున్నదెవరో అడగండి.