జాలి విమర్శ కాదు

మారీ బాష్కిర్త్సెఫ్ పేరెత్తగానే కొందరు విమర్శకులు కళ్ళొత్తుకుంటారు. 1858లో ఉక్రెయిన్‌లో, పోల్తావా ప్రాంతపు భూస్వామ్య కుటుంబంలో పుట్టి, 1884లో పారిస్‌లో 26 ఏళ్ళు నిండకుండానే క్షయతో పోయింది. 1887లో అచ్చయిన ఆమె డైరీ చదివి వారిచ్చిన తీర్పు: కీర్తికోసం తపించి రాలిపోయిన పువ్వు. ఆ డైరీని కుటుంబంవారు కత్తిరించి, ఆమె వయస్సు సైతం తగ్గించి అచ్చువేయించారన్న సంగతి వారికి పట్టదు. ఈ తీర్పును నేనొప్పుకోను.

పువ్వులు బొమ్మలు వెయ్యవు. ఆమె 1877లో జూలియన్ అకాడమీలో చేరింది. ఎందుకంటే, ప్రభుత్వ కళాశాల అయిన ఎకోల్ ద బోజార్ 1897 దాకా స్త్రీలకు తలుపు తియ్యలేదు. జూలియన్‌లోనైనా స్త్రీలకు వేరే గది. మగవారికంటే రెట్టింపు రుసుము. కలవారి పిల్ల గనుక చెల్లించింది. లేనివారి పిల్ల గతేమిటి? 1881లో ఆ స్త్రీల గదినే ఆమె బొమ్మ కట్టింది. ఆ ఏడే ఉబెర్తీన్ ఒక్లేర్ పత్రిక ‘లా సిటోయెన్’లో, పోలిన్ ఒరెల్ అనే మారుపేరుతో స్త్రీల పక్షాన రాసింది. జాలిపడేవారు ఈ ఊసెత్తరు.

“ధనికవర్గపు స్త్రీతో మనకేం పని?” అని మన మిత్రులే అడగవచ్చు. ఆమె వర్గాన్ని దాచనక్కరలేదు. కాని తోడులేకుండా వీధిలో తిరిగే స్వేచ్ఛ లేదని డైరీలో వాపోయిన ఆ మనిషే తన బొమ్మకు వీధినే వస్తువుగా తీసుకుంది. 1884 సలాన్‌లో పెట్టిన ‘మీటింగ్’ చూడండి. చెక్కల దడి పక్కన ఆరుగురు బీదపిల్లలు తలలు దగ్గరపెట్టి ఏదో మంతనమాడుతున్నారు. ఆ ముఖాల్లో దేబిరింపు లేదు. ఆ బట్టలకు మెరుగులు దిద్దలేదు. కుడిపక్కన ఒక ఆడపిల్ల వీపుతిప్పి వెళ్ళిపోతోంది. ఆ సభలో ఆమెకు చోటు లేదు. ఈ మాట చెప్పడానికి చిత్రకారిణికి నినాదం కావలసిరాలేదు.

దానికి పతకం రాలేదు. బాస్తియాన్-లెపాజ్‌కు అనుకరణ అన్నారు. మగవాడు పెద్దల బాట పడితే సంప్రదాయమట, ఆడది పడితే అనుకరణ! తరవాత ఫ్రెంచి ప్రభుత్వమే దాన్ని కొన్నది. నేడది ఓర్సే మ్యూజియంలో ఉంది.

ఆమె ఎలా చనిపోయిందని అడిగింది చాలు. ఎలా పనిచేసింది? ఏ తలుపులు మూసి ఉన్నాయి? వాటిని మూసినవారెవరు? ఇవీ విమర్శకుడు అడగవలసిన ప్రశ్నలు. ముందు బొమ్మ చూడండి. డైరీ తరవాత చదువుకోవచ్చు.