గెలిస్తే ప్రతిభ, ఓడితే కోటా: స్ప్రింగ్‌బాక్స్ చుట్టూ నడిచే వాదన మనకేం చెబుతుంది?

జట్టును ప్రతిభ చూసి ఎంపిక చేయాలి. ఈ మాటలో తప్పు పట్టేదేమీ లేదు. కానీ ఈ మాట ఎప్పుడు వినబడుతుంది? ఎవరి పేరు జాబితాలోకి రాగానే వినబడుతుంది? అసలు ప్రశ్న అక్కడ ఉంది.

దక్షిణాఫ్రికా జాతీయ రగ్బీ జట్టు స్ప్రింగ్‌బాక్స్ 1995, 2007, 2019, 2023లలో ప్రపంచకప్ గెలిచింది. నాలుగుసార్లు గెలిచిన దేశం మరొకటి లేదు. అయినా జట్టును ప్రకటించిన ప్రతిసారీ అక్కడి అభిమానుల్లో అదే పేచీ మొదలవుతుంది. ఎవరు ఆటతో వచ్చారు, ఎవరు కోటాలో వచ్చారు? ఫలానా కోచ్‌కు ఆ పదవి ఎందుకిచ్చారు? క్రమశిక్షణ తప్పినవాడిని ఎందుకు వెనకేసుకొస్తున్నారు? రగ్బీ మన వాడల్లో ఆడే ఆట కాదు. ఈ ప్రశ్నలు మాత్రం మనకు కొత్త కాదు. కాలేజీలో, హాస్టల్లో, ఆఫీసులో "నీ ర్యాంకెంత?" అని అడిగించుకున్న ప్రతి ఒక్కరికీ ఇవి తెలుసు. అందుకే ఆ వాదనను మన కళ్లతో ఒకసారి చూద్దాం.

ముందుగా ఒక వివరణ. ఈ వ్యాసంలో నల్లవారు అన్నప్పుడు ఆఫ్రికన్లనూ, అపార్థీడ్ చట్టాలు 'కలర్డ్' అని వేరుచేసిన మిశ్రమ సంతతివారినీ కలిపి అంటున్నాం. 2022 జనగణన ప్రకారం ఆ దేశ జనాభాలో ఆఫ్రికన్లు 81.4 శాతం, కలర్డ్ 8.2 శాతం, తెల్లవారు 7.3 శాతం.

'వాళ్ల ఆట కాదు' అన్న అబద్ధం

కోటాను వ్యతిరేకించే అభిమానులు తరచుగా చెప్పే మాట ఒకటుంది. నల్లవాళ్లది ఫుట్‌బాల్, తెల్లవాళ్లది రగ్బీ, ఆట మీద ఇష్టం లేనివాళ్లను తెచ్చి జట్టులో కూర్చోబెడుతున్నారు అని. చరిత్ర దీన్ని ఒప్పుకోదు. ఈస్టర్న్ కేప్ ప్రాంతంలో మిషనరీ బడుల్లో చదువుకున్న నల్లజాతి పిల్లలు 19వ శతాబ్దంలోనే రగ్బీ ఆడారు. పోర్ట్ ఎలిజబెత్‌లో నల్లవారి తొలి క్లబ్బు 1887లో ఏర్పడింది. తెల్లవారి బోర్డులో తమకు చోటు లేదు గనుక 1897లో సొంత బోర్డు పెట్టుకున్నారు. ఆట వాళ్లకు రాక కాదు, ఆడనివ్వక దూరంగా ఉన్నారు.

దక్షిణాఫ్రికా తొలి టెస్టు మ్యాచ్ ఆడింది 1891లో. ఆ జట్టు తరఫున టెస్టు ఆడిన తొలి నల్లజాతి ఆటగాడు ఎరాల్ టోబియాస్. ఆయనకు చోటు దొరికింది 1981లో. మధ్యలో 90 ఏళ్లు. ఆ 90 ఏళ్లూ స్ప్రింగ్‌బాక్ జెర్సీ నూటికి నూరు శాతం తెల్లవారి కోటాలో ఉంది. దాన్ని కోటా అని ఎవరూ అనలేదు. సంప్రదాయం అన్నారు.

ఆ కోటా తమ జట్టుతో కూడా ఆగలేదు. ఎదుటి జట్టులో ఎవరుండాలో కూడా శాసించింది. న్యూజిలాండ్ తన జట్టును దక్షిణాఫ్రికా పంపినప్పుడు 1928, 1949, 1960లలో మావోరీ ఆటగాళ్లను ఇంటి దగ్గరే వదిలి వెళ్లింది. జార్జ్ నెపియా లాంటి గొప్ప ఆటగాడు కూడా 1928లో ఆ పర్యటనకు వెళ్లలేకపోయాడు. 1970లో మావోరీలను రానిచ్చారు, 'గౌరవ తెల్లవారు' అన్న ముద్ర వేసి మరీ. మనిషిని మనిషిగా ఒప్పుకోవడానికి కూడా ఒక సర్టిఫికెట్ కావలసి వచ్చింది. వెలివాడ నుంచి వచ్చినవారికి ఇది వివరించి చెప్పనక్కర్లేదు.

క్రమశిక్షణ ఎవరికి, మన్నింపు ఎవరికి

1995 ప్రపంచకప్ అంటే నెల్సన్ మండేలా, ఆరో నంబరు జెర్సీ, కెప్టెన్ ఫ్రాంస్వా పీనార్ చేతికి కప్పు అందించిన దృశ్యం గుర్తొస్తాయి. ఫైనల్ ఆడిన జట్టులో నల్లజాతి ఆటగాడు చెస్టర్ విలియమ్స్ ఒక్కడే. గాయం వల్ల మొదట జట్టుకు దూరమైన విలియమ్స్ తిరిగి ఎలా వచ్చాడో చాలామంది మరిచిపోయారు. కెనడాతో మ్యాచ్‌లో జరిగిన కొట్లాటకు పీటర్ హెండ్రిక్స్ మీద నిషేధం పడితే ఆ చోటు విలియమ్స్‌కు దక్కింది. క్వార్టర్‌ఫైనల్లో వెస్టర్న్ సమోవా మీద అతను నాలుగు ట్రైలు చేశాడు. దేశమంతా అతని బొమ్మను ఐక్యతకు గుర్తుగా గోడలకెక్కించింది. తర్వాత తన జీవితకథలో, సొంత జట్టులోనే జాతి దూషణలు పడ్డానని విలియమ్స్ చెప్పుకున్నాడు. పోస్టర్ మీద ఉన్న గౌరవం డ్రెస్సింగ్ రూములో లేదన్నమాట.

ఎనిమిదేళ్ల తర్వాత ఆ తలుపు కొంచెం తెరుచుకుంది. 2003 ప్రపంచకప్‌కు ముందు శిక్షణ శిబిరంలో గియో క్రోన్యే అనే తెల్ల ఆటగాడు, క్వింటన్ డేవిడ్స్ అనే నల్లజాతి ఆటగాడితో గది పంచుకోవడానికి ఒప్పుకోలేదన్న ఆరోపణ బయటికొచ్చింది. దాని మీద నిరసనగా జట్టు మీడియా అధికారి మార్క్ కియోహేన్ రాజీనామా చేశాడు. అదే ఏడాది కోచ్ రుడాల్ఫ్ స్ట్రాయిలీ హయాంలో 'కాంప్ స్టాల్‌డ్రాడ్' పేరుతో సైనిక పద్ధతి శిబిరం నడిచింది. ఆటగాళ్లను బట్టల్లేకుండా చలినీళ్లలో దింపారు, గోతిలో కుక్కారు. జట్టు క్వార్టర్‌ఫైనల్లో 29-9తో ఓడి ఇంటికొచ్చాక ఆ ఫొటోలు బయటపడ్డాయి, కోచ్ తప్పుకున్నాడు. ఒకే గదిలో పడుకోవడం నేర్పలేని శిబిరం, ఒకే గోతిలో కుక్కడాన్ని క్రమశిక్షణ అనుకుంది.

కోచ్‌కు రెండు తూకాలు

2008 జనవరిలో పీటర్ డి విలియర్స్ స్ప్రింగ్‌బాక్స్ తొలి నల్లజాతి కోచ్ అయ్యాడు. ఈ నియామకం కేవలం రగ్బీ కారణాలతో జరగలేదని, మార్పు అవసరాన్ని కూడా చూశామని రగ్బీ సంఘం అధ్యక్షుడు అప్పుడే బహిరంగంగా చెప్పాడు. మొదటి రోజునే ఆయన మెడలో 'కోటా కోచ్' అన్న బోర్డు తగిలించినట్టయింది. ఆయన జట్టు 2009లో బ్రిటిష్ అండ్ ఐరిష్ లయన్స్ మీద సిరీస్ 2-1తో గెలిచింది. అదే ఏడాది ట్రై నేషన్స్ గెలిచింది, ఆల్ బ్లాక్స్‌ను మూడు మ్యాచ్‌ల్లోనూ ఓడించింది. అయినా మాటలు మాత్రం ఆయన ఇంగ్లీషు మీద, ప్రెస్ మీట్లలో ఆయన వాడే పోలికల మీద నడిచాయి. గెలుపు సీనియర్ ఆటగాళ్లది, ఓటమి కోచ్‌ది అయింది.

ఆయన తప్పులు చేయలేదని కాదు. లయన్స్‌తో రెండో టెస్టులో షాల్క్ బర్గర్ ప్రత్యర్థి కంట్లో వేళ్లు పెట్టినట్టు తేలి ఎనిమిది వారాల నిషేధం పడింది. అలాంటి చర్యను కోచ్ వెనకేసుకు రావడం తప్పే. 12 ఏళ్ల తర్వాత అదే లయన్స్ సిరీస్‌లో, అప్పటి రగ్బీ డైరెక్టర్ రాసీ ఎరాస్మస్ రిఫరీ నిక్ బెర్రీ తీర్పులను ఎండగడుతూ 62 నిమిషాల వీడియో చేశాడు. ప్రపంచ రగ్బీ సంస్థ ఆయన్ను రెండు నెలలు ఆటకు పూర్తిగా దూరం పెట్టింది. 2022 సెప్టెంబరు చివరి దాకా మ్యాచ్ రోజు విధుల నుంచి నిషేధించింది. శిక్ష పడింది, నిజమే. కానీ చాలామంది అభిమానుల దృష్టిలో ఎరాస్మస్ జట్టు కోసం కొట్లాడిన వీరుడు, డి విలియర్స్ నోరు అదుపులో లేని కోచ్. ఎరాస్మస్ గొప్ప కోచ్ అనడంలో మాకు సందేహం లేదు. మేం అడుగుతున్నది తక్కెడ గురించి.

2015లో తెల్లజాతి కోచ్ హేనెకె మేయర్ నడిపిన జట్టు జపాన్ చేతిలో 34-32తో ఓడింది. రగ్బీ చరిత్రలోనే అంత పెద్ద సంచలనం అరుదు. తెల్లవాళ్లకు కోచింగ్ రాదని ఎవరైనా అన్నారా? మేయర్ విఫలమయ్యాడన్నారు, అంతే. 2017లో రెండో నల్లజాతి కోచ్ అలిస్టర్ కూట్సియా జట్టు న్యూజిలాండ్ చేతిలో 57-0తో చిత్తయింది. అప్పుడు కూట్సియాతో పాటు కోటా విధానం కూడా బోనెక్కింది. ఒకరి ఓటమి ఒక మనిషిది, ఇంకొకరి ఓటమి ఒక జాతిది. ప్రతిభ పేరుతో నడిచే వాదనలో దాగిన మోసం ఇదే.

విమర్శ ఎక్కడ ఆగాలి

అయితే నల్లజాతి ఆటగాడిని విమర్శిస్తే అది జాతి వివక్షేనా? కాదు. ఈ తేడా మనం స్పష్టంగా పట్టుకోవాలి.

2023 ప్రపంచకప్‌నే చూడండి. ఐర్లాండ్‌తో లీగ్ మ్యాచ్‌లో జట్టు 13-8తో ఓడింది. ఫ్లైహాఫ్ మానీ లిబాక్, స్క్రమ్‌హాఫ్ ఫాఫ్ డి క్లెర్క్ ఇద్దరూ కలిపి కిక్‌ల రూపంలో 11 పాయింట్లు వదిలేశారు. ముందు వరుసలో హుకర్ మాల్కమ్ మార్క్స్ గాయపడితే అతని స్థానంలో మరో హుకర్‌ను కాకుండా, గోలు కిక్‌లలో దిట్ట అయిన హాండ్రే పొలార్డ్‌ను పిలిచారు. సెమీఫైనల్లో అరగంట దాటగానే లిబాక్‌ను తీసేసి పొలార్డ్‌ను దింపారు. ఫైనల్లో లిబాక్‌కు 23 మందిలో కూడా చోటు దక్కలేదు. పొలార్డ్ కొట్టిన నాలుగు పెనాల్టీలతో జట్టు 12-11తో కప్పు గెలిచింది.

లిబాక్ కిక్ గురి తప్పుతోంది అనడం ఆట విమర్శ. అతన్ని పక్కన పెట్టడం కోచ్‌ల లెక్క, ఆ లెక్క ఫలించింది కూడా. కానీ డి క్లెర్క్ కిక్ తప్పితే కిక్ తప్పింది అని, లిబాక్ కిక్ తప్పితే 'అసలు ఇతన్ని ఎందుకు తెచ్చారో మాకు తెలుసు' అని అంటే, అది ఆట గురించి మాట్లాడటం కాదు. విమర్శ కిక్ దగ్గర ఆగితే న్యాయం. అతను అక్కడ ఉండే హక్కు దాకా పాకితే వివక్ష.

ఆ ముద్ర ఎంత లోతుగా దిగుతుందో 2018 మేలో తెలిసింది. 2007 ప్రపంచకప్ జట్టు సభ్యుడు ఆష్విన్ విల్లెమ్స్, టీవీ చర్చ మధ్యలోనే స్టూడియో నుంచి లేచి వెళ్లిపోయాడు. ఆడిన రోజుల్లో తనను చాలా కాలం కోటా ఆటగాడన్నారని, ఇక చిన్నచూపు భరించనని ప్రత్యక్ష ప్రసారంలోనే చెప్పాడు. తోటి వ్యాఖ్యాతల్లో జాతి వివక్ష కనబడలేదని తర్వాత విచారణ తేల్చింది. కానీ ప్రపంచకప్ పతకం ఉన్నవాడికి కూడా ఆ మాట మానని గాయంగా ఎందుకు మిగిలిందన్న ప్రశ్నకు ఏ విచారణా జవాబు చెప్పలేదు.

గేటు జట్టు దగ్గర లేదు, బడి దగ్గర ఉంది

ఆ సంఘటన జరిగిన కొద్ది రోజులకే ఎరాస్మస్, సియా కొలిసిని టెస్టు కెప్టెన్‌గా ప్రకటించాడు. స్ప్రింగ్‌బాక్స్ టెస్టు జట్టుకు తొలి నల్లజాతి కెప్టెన్ అతనే. 2019 నవంబరు 2న యొకోహామాలో ఇంగ్లండ్‌ను 32-12తో ఓడించి కప్పు ఎత్తినప్పుడు, ఫైనల్ మొదలుపెట్టిన 15 మందిలో ఆరుగురు నల్లవారు. ఆ రోజు రెండు ట్రైలూ మకజోలే మపింపి, చెస్లిన్ కోల్బే చేసినవే.

కొలిసి పుట్టింది పోర్ట్ ఎలిజబెత్ పక్కన జ్వీడే టౌన్‌షిప్‌లో. నల్లవారిని ఊరికి దూరంగా ఉంచడానికి కట్టిన పేటల్లో అదొకటి. చిన్నప్పుడు ఒక టోర్నమెంట్‌లో ఆట చూసి గ్రే పాఠశాల అతనికి స్కాలర్‌షిప్ ఇచ్చింది. మైదానాలు, కోచ్‌లు, కడుపు నిండా తిండి ఉన్న బడి అది. ఆ రోజు ఆ కంటికి అతను కనబడకపోతే? జ్వీడేలో కనబడని కొలిసిలు ఎంతమంది? మపింపి అలాంటి పేరున్న బడి ముఖం చూడకుండా పల్లె నుంచి వచ్చాడు. అందుకే అతని కథను అందరూ అద్భుతం అంటారు. ప్రతిభ ఉన్న పిల్లవాడు జట్టుకు చేరడం అద్భుతమైందంటే, ఆ దారి మూసి ఉందని అర్థం.

సెలక్షన్ రోజున జరిగే గొడవంతా చివరి గేటు దగ్గర జరుగుతుంది. అక్కడికి వచ్చేసరికే లక్షల మంది పిల్లలు వడపోతలో పోయి ఉంటారు. 2019 నాటికి జాతీయ జట్టులో సగం మంది నల్లవారుండాలని రగ్బీ సంఘం లక్ష్యం పెట్టుకుంది. మార్పు నత్తనడకన సాగుతోందని 2016లో క్రీడా మంత్రి రగ్బీతో పాటు మరికొన్ని క్రీడల సంఘాలకు అంతర్జాతీయ పోటీల ఆతిథ్యం దక్కకుండా ఆపేశాడు. ఈ ఒత్తిడి లేకుండా 2019 జట్టు తయారయ్యేదని నమ్మడం కష్టం. కానీ కప్పు గెలవగానే 'చూశారా, ప్రతిభకు రంగు లేదు, ఇక లక్ష్యాలెందుకు' అన్నవారు బయల్దేరారు. ఏరు దాటగానే తెప్ప తగలేయడమంటే ఇదే. 2023 ఫైనల్ మొదలుపెట్టిన 15 మందిలో నల్లవారు ఐదుగురు. లెక్క ముందుకు పోలేదు, ఒకటి తగ్గింది.

మన దగ్గర లెక్కే లేదు

దక్షిణాఫ్రికాలో కనీసం లెక్క ఉంది. లెక్క ఉంది కాబట్టే వాదన ఉంది. మన దేశంలో జాతీయ జట్ల సామాజిక నేపథ్యాన్ని లెక్కించే అధికారిక పద్ధతి లేదు. లెక్క అడిగితే 'ఆటలోకి కులాన్ని తెస్తున్నారు' అంటారు.

కులం ఆటలోకి మనం తెచ్చింది కాదు. 1911లో ఇంగ్లండ్ వెళ్లిన భారత జట్టు తరఫున ఆ పర్యటనలో వందకు పైగా వికెట్లు తీసిన పల్వంకర్ బాలూ చమార్ కులస్థుడు. మైదానంలో అతని బంతి అందరికీ కావాలి, టీ మాత్రం పెవిలియన్ బయట మట్టి ముంతలో. హిందూ జట్టు కెప్టెన్సీ అతనికి ఎన్నడూ దక్కలేదు. పోరాటం తర్వాత 1923లో తమ్ముడు విఠల్‌కు దక్కింది. వందేళ్లు గడిచాక, 2021 టోక్యో ఒలింపిక్స్‌లో వందనా కటారియా హ్యాట్రిక్ కొట్టింది. ఒలింపిక్స్‌లో ఆ ఘనత సాధించిన తొలి భారత మహిళ ఆమె. ఆ మ్యాచ్ దక్షిణాఫ్రికాతోనే. కొద్ది రోజులకే అర్జెంటీనా చేతిలో సెమీఫైనల్ ఓడగానే, హరిద్వార్ దగ్గర రోష్నాబాద్‌లో ఆమె ఇంటి ముందు టపాకాయలు కాల్చి, జట్టులో దళితులు ఎక్కువైనందుకే ఓడిందని కులం పేరుతో తిట్టారని కుటుంబం ఫిర్యాదు చేసింది. పోలీసులు అరెస్టులు చేశారు. మహిళల హాకీలో దళితులకు కోటా ఏమీ లేదు. కోటా లేకపోయినా ఆ ముద్ర వచ్చి పడింది. వాళ్ల కోపం రిజర్వేషన్ మీద కాదు, మన ఉనికి మీద.

ప్రతిభ అన్న మాటను మనం వదులుకోనక్కర్లేదు. అది బాలూది, టోబియాస్‌ది, వందనది. కానీ ఆ మాట వినబడిన ప్రతిచోటా మూడు ప్రశ్నలు అడగాలి. ఇదే తప్పు ఇంకొకరు చేస్తే ఏమనేవారు? ఇక్కడిదాకా రావడానికి ముందు ఎన్ని గేట్లున్నాయి, వాటి తాళాలు ఎవరి దగ్గరున్నాయి? లెక్క చూపడానికి ఎందుకు భయం? క్రీడా సంఘాల నుంచి, యూనివర్సిటీ జట్ల నుంచి, స్పోర్ట్స్ స్కూళ్ల నుంచి సామాజిక వర్గాల వారీగా లెక్కలు అడగడం విద్యార్థి సంఘాలు ఈ ఏడాదే మొదలుపెట్టగల పని. సమాచార హక్కు దరఖాస్తు పెట్టడానికి సెలక్టర్ల అనుమతి అక్కర్లేదు.