ఇంటికి బ్యాకప్ ఉందా?

ఆఫీసులో రాత్రి బ్యాకప్ జాబ్ ఫెయిలైతే మనకి నిద్ర పట్టదు. డిజాస్టర్ రికవరీ సైటు ఇంకో రాష్ట్రంలో ఉండాలని క్లయింటుకి గంటసేపు క్లాసు పీకుతాం. అదే మన ఇంటి సంగతి చూడండి. పాస్‌పోర్టులు, ఐ-797లు, పాప బర్త్ సర్టిఫికెట్, ఊళ్ళో ప్లాటు దస్తావేజు, అన్నీ ఒకే సూట్‌కేసులో, పడగ్గది క్లాజెట్లో. వాటి జిరాక్సులు కూడా అదే సూట్‌కేసులో!

ఐసెలిన్ చుట్టుపక్కల ఉండేవాళ్ళకి ఇది ఊహించుకునే భయం కాదు. 1994 మార్చి 23న, అర్ధరాత్రికి కాస్త ముందు, పక్కనే ఎడిసన్‌లో 36 అంగుళాల గ్యాస్ పైపులైను పేలింది. డర్హం వుడ్స్ అపార్ట్‌మెంట్లలో ఎనిమిది బిల్డింగులు కాలిపోయాయి. 1,500 మంది దాకా కట్టుబట్టలతో బయటికి పరిగెత్తారు. అప్పుడెప్పుడో తవ్వకాల్లో పైపుకి పడిన గాటు దానికి మూలమని దర్యాప్తులో తేలింది. 2015 జనవరి 21న ఎడ్జ్‌వాటర్‌లో అవలాన్ అపార్ట్‌మెంట్లు తగలబడి 240 ఇళ్ళు పోయాయి. అక్కడ ప్లంబింగ్ రిపేరుకి వాడిన టార్చ్ నుంచి మంట గోడలోకి పాకింది. రెండు చోట్లా అద్దెకున్నవాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

"ఓనరుకి ఇన్సూరెన్స్ ఉంటుంది కదా" అంటారు మనవాళ్ళు. ఉంటుంది, బిల్డింగుకి. మన సోఫాకీ, ల్యాప్‌టాప్‌కీ, పట్టుచీరలకీ కాదు. వాటికి మన రెంటర్స్ పాలసీ ఉండాలి. నలుగురు బ్యాచిలర్లు ఒక ఫ్లాట్‌లో ఉంటే ఒకడి పేరున తీసుకున్న పాలసీ మిగతా ముగ్గురికీ పనికొస్తుందనుకోవడం ఇంకో పొరపాటు. మామూలుగా అది తీసుకున్నవాడికీ, కలిసి ఉంటున్న అతని బంధువులకీ వర్తిస్తుంది. రూమ్మేట్ బంధువు కాడు, ఎంత బాగా పప్పుచారు పెట్టినా సరే.

బంగారం విషయం మరీ తమాషా. చాలా స్టాండర్డ్ పాలసీల్లో నగలకి ఉండే 1,500 డాలర్ల పరిమితి దొంగతనానికే, అగ్నిప్రమాదానికి కాదు. కానీ నాణేలకీ, బిస్కెట్లకీ మాత్రం నగదుతో కలిపి మొత్తం 200 డాలర్లే. అక్షయ తృతీయకి ఓక్ ట్రీ రోడ్డు మీద క్యూలో నిలబడి కాసులు కొనేవాళ్ళలో ఎంతమంది తమ పాలసీలో ఆ పేజీ చదివి ఉంటారు?

నాకు తెలిసిన ఒకాయన పైఫ్లాట్‌లో నిప్పంటుకుంది. ఈయన ఇంట్లోకి మంట రాలేదు గానీ ఫైరింజను నీళ్ళు అన్నిటినీ నాశనం చేశాయి. అడ్జస్టర్ వచ్చి ఏమేం పోయాయో, ఎప్పుడు కొన్నారో, ఎంతకి కొన్నారో జాబితా అడిగాడు. పాతికకి మించి గుర్తు రాలేదు. చివరికి ఆదుకున్నది పిల్లాడి మొదటి పుట్టినరోజు వీడియో. కేకు వెనకాల టీవీ, షోకేసు, దేవుడి మందిరం, అన్నీ కనిపించాయి! న్యూజెర్సీ స్టాండర్డ్ ఫైర్ పాలసీలో ప్రూఫ్ ఆఫ్ లాస్ ఇవ్వడానికి 60 రోజులే గడువు, దావా వెయ్యడానికి 12 నెలలు. హోటల్లో పిల్లల్ని పెట్టుకుని ఇల్లు వెతుక్కునేవాడికి 60 రోజులు ఎలా గడుస్తాయో తెలియదు.

ఇంతవరకూ స్కానర్, ఫోన్ కెమెరా, క్లౌడ్ మనల్ని కాపాడతాయి. నేను చెప్పదలచుకున్న అసలు మాట ఏమిటంటే, కొన్ని కాగితాలకి స్కాన్ బ్యాకప్ కాదు.

పాస్‌పోర్టు, గ్రీన్ కార్డు, ఐ-797 పోతే చికాకే, కానీ మళ్ళీ ఇస్తారు. అసలు రికార్డు ప్రభుత్వం దగ్గర ఉంది, మన చేతిలోది కేవలం కాపీ. రిజిస్టర్ అయిన దస్తావేజు కూడా అంతే. 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 57వ సెక్షన్ ప్రకారం సబ్ రిజిస్ట్రార్ ఇచ్చే సర్టిఫైడ్ కాపీ కోర్టులో సాక్ష్యంగా చెల్లుతుంది. అయినా కొనేవాడు "ఒరిజినల్ ఏదండీ?" అని అనుమానంగా అడుగుతాడు. తప్పు పట్టలేం. మన దగ్గర అప్పిచ్చినవాడి చేతిలో దస్తావేజు పెట్టడమే ఒక రకం తాకట్టు. ఒరిజినల్ కాలిపోయిందా, ఎక్కడైనా కుదువలో ఉందా అన్నది అతనికెలా తెలుస్తుంది? అందుకే ఇక్కడి ఫైర్ రిపోర్టు కాపీ తీసి దాచుకోవాలి. ఐసెలిన్‌లో నిప్పంటుకున్న సంగతి అనకాపల్లిలో రుజువు చెయ్యాల్సి రావచ్చు.

భయపడాల్సింది రిజిస్టర్ కాని కాగితాల గురించి. తాతగారు తెల్లకాగితం మీద రాసిన వీలునామా, ప్రామిసరీ నోటు. వీటిలో హక్కుకి ఆధారం ఆ కాగితమే, ఇంకెక్కడా రికార్డు లేదు. రాసినవాడి దగ్గరే ఉన్న వీలునామా ఆయన పోయాక కనబడకపోతే, ఆయనే చింపేసి ఉంటాడని కోర్టు మొదట అనుకోవచ్చు. కాలిపోయిందని రుజువు చేసే భారం మనదే. వీలునామాకి రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు కాబట్టి మనవాళ్ళు చేయించరు. ఐదొందల రూపాయల ఫోన్ రీచార్జికి వెనకాడనివాళ్ళు దీనికి మాత్రం "ఎందుకులే" అంటారు. ఊళ్ళో నలుగురికీ తెలియకూడదనుకుంటే సీల్డ్ కవర్లో జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేసే సౌకర్యం అదే చట్టం 42వ సెక్షన్లో ఉంది.

మరి ప్రభుత్వ ఆఫీసే కాలిపోతే? అదీ చూశాం. 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో భూముల ఫైళ్ళు తగలబడ్డాయి. కావాలని చేశారన్న అనుమానంతో కేసు సీఐడీకి వెళ్ళింది. కాబట్టి సర్టిఫైడ్ కాపీలు, 1983 నుంచి కంప్యూటర్లో దొరికే ఈసీ, అవసరం రాకముందే తీసిపెట్టుకోవడం మంచిది. ఒక సెట్టు ఇక్కడ, ఒక సెట్టు అక్కడ అన్నయ్య ఇంట్లో.

ఇంకో చిన్న సంగతి. అన్నీ క్లౌడ్‌లో పెట్టి టూ ఫ్యాక్టర్ పెట్టుకున్న ఘనులు మనలో చాలామంది, నాతో సహా. కోడు వచ్చే ఫోను ఆ ఇంట్లోనే కాలిపోతే? రికవరీ కోడ్స్ ప్రింటు తీసి ఆఫీసు డ్రాయర్లో పెట్టాను. మా ఆవిడ అకౌంటు సంగతి ఇంకా చూడలేదు. ఈ ఆదివారం నాన్నగారికి ఫోన్ చేసి వీలునామా సంగతి కూడా ఎత్తాలి. ఎలా మొదలుపెట్టాలో మాత్రం అంతు పట్టడం లేదు.