‘పొద్దున బాగానే ఉన్నావుగా!’
పొద్దున చకచకా పనులు చేసుకున్న మనిషి సాయంత్రానికి జడ వేసుకోవడానికి కూడా చేతులెత్తలేకపోతే ‘బద్ధకం’ అనేస్తాం. అది మయస్తీనియా గ్రేవిస్ కావచ్చు. నరం పంపే సంకేతం కండరానికి అందే చోట యాంటీబాడీలు అడ్డుపడతాయి. అందుకే వాడేకొద్దీ కండరం నీరసిస్తుంది, విశ్రాంతినిస్తే తేరుకుంటుంది. రెప్పలు వాలిపోవడం, ఒకటి రెండుగా కనిపించడం, నమలలేకపోవడం దీని లక్షణాలే. 1984లో అమితాబ్ బచ్చన్‌కు ఈ జబ్బే బయటపడింది. ఆ తర్వాతా ఆయన ఎన్నో సినిమాల్లో నటించారు.

ఇంట్లో ఇలాంటివారుంటే శ్రమ ఎక్కువుండే పనులు పొద్దున్నే ముగించుకోనివ్వండి. కొన్ని యాంటీబయాటిక్స్ నీరసాన్ని పెంచుతాయి కాబట్టి ఏ డాక్టరు దగ్గరికెళ్లినా జబ్బు సంగతి ముందే చెప్పాలి. మింగడం, ఊపిరి తీసుకోవడం కష్టమైతే వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ‘పొద్దున బాగానే ఉన్నావుగా’ అని మాత్రం అనకండి. ఆ తేడాయే అసలు జబ్బు!