ఒకే నేరానికి ఇన్ని తీర్పులా?

1975లో ఉత్తరప్రదేశ్‌లో ఒకే కుటుంబానికి చెందిన నలుగురిని చంపిన కేసులో ముగ్గురికి ఉరిశిక్ష పడింది. ముగ్గురి పాత్రా ఒక్కటే. సుప్రీంకోర్టులో మాత్రం వారి అప్పీళ్లు వేర్వేరు ధర్మాసనాల ముందుకు వెళ్లాయి. ఒకరి శిక్ష యావజ్జీవంగా మారింది. ఇద్దరి అప్పీళ్లు కొట్టేశారు. ఆ ఇద్దరిలో ఒకరు మళ్లీ కోర్టు తలుపు తట్టి స్టే తెచ్చుకున్నారు. రెండోవాడు తట్టలేదు. 1981 అక్టోబరు 6న అతన్ని ఉరితీశారు. ఉరి అమలుకు ముందు సహ నిందితుల శిక్ష తగ్గిందేమో జైలు సూపరింటెండెంట్లు తెలుసుకోవాలని 1982 ఫిబ్రవరిలో కోర్టు ఆదేశించింది. అప్పటికే అతని ప్రాణం పోయి నాలుగు నెలలు.

ఉరి కేసు కాబట్టి ఇది చరిత్రకెక్కింది. సెషన్స్ కోర్టుల్లో రోజూ పడే శిక్షల్లోని తేడాలు ఎవరి కంటా పడవు. హత్యాయత్నానికి పదేళ్ల వరకు, గాయమైతే యావజ్జీవం దాకా వేయవచ్చని భారతీయ న్యాయ సంహిత చెబుతుంది. ఆ లోపల ఎంత అన్నది జడ్జి విచక్షణ. ఒకే రకం దాడికి ఒక కోర్టు రెండేళ్లు, పక్క కోర్టు ఎనిమిదేళ్లు వేస్తే ఆపే నియమం ఏదీ లేదు. హైకోర్టుకు వెళ్లి సరిచేసుకోవచ్చంటారు. వకీలు ఫీజు కట్టలేని దోషికి ఆ దారి ఎంత దూరమో కోర్టు ఆవరణలో నిలబడిన ప్రతివాడికీ తెలుసు.

తప్పు జడ్జీలది కాదు. కొలబద్ద ఇవ్వకుండా కొలవమంటున్నాం. శిక్షపై దోషి వాదన విడిగా వినాలని చట్టం చెబుతున్నా, చాలాసార్లు దోషిగా తేల్చిన రోజే అదీ ముగుస్తుంది. ముసలి తల్లిదండ్రులు, చిన్నపిల్లలు అన్న నాలుగు మాటలతో సరి. ఉరి కేసుల్లో ఈ వాదనకు తగిన అవకాశం ఎలా ఉండాలన్న ప్రశ్నను 2022లో సుప్రీంకోర్టే ఐదుగురు సభ్యుల ధర్మాసనానికి నివేదించింది.

శిక్షలకు మార్గదర్శకాలు ఉండాలని క్రిమినల్ న్యాయవ్యవస్థ సంస్కరణలపై కేంద్రం వేసిన మలిమత్ కమిటీ 2003లోనే సిఫార్సు చేసింది. 2023లో మూడు కొత్త క్రిమినల్ చట్టాలు తెచ్చిన పార్లమెంటు మాత్రం దీన్ని ముట్టుకోలేదు. చేతికందిన అవకాశాన్ని జారవిడిచింది. ఆ తర్వాత, 2024 మేలో, శిక్షలపై సమగ్ర విధానాన్ని పరిశీలించమని సుప్రీంకోర్టు కేంద్రాన్ని కోరింది.

మార్గదర్శకాలు జడ్జీల చేతులు కట్టేస్తాయన్న వాదనను మేం అంగీకరించం. ఇంగ్లండ్, వేల్స్‌లో 2010 నుంచి మార్గదర్శకాలిచ్చే శిక్షల మండలి ఉంది. న్యాయం కోసం అవసరమైతే అక్కడి జడ్జి మార్గదర్శకాన్ని దాటవచ్చు, కారణం చెప్పాలి. మనకూ అలాంటి చట్టం కావాలి. అది వచ్చేదాకా ఆగనక్కర్లేని పని ఒకటుంది: దోషిగా తేల్చిన రోజే శిక్ష వేయకుండా, వాదనకు కనీసం వారం గడువివ్వాలని ప్రతి హైకోర్టూ తన కింది కోర్టులకు సర్క్యులర్ పంపాలి.