మొదటి వ్రాతలోనే నాణ్యత

సరకు నాణ్యతను గూర్చి మాట్లాడని వ్యాపారి ఉండడు. ఆ సరకును గూర్చి వ్రాసుకొన్న వివరాల నాణ్యతను గూర్చి ఆలోచించేవారు మాత్రం అరుదు. వాణిజ్యశాస్త్ర విద్యార్థులమైన మేము, ఏ వ్యాపారానికైనా ఈ రెండవదే పునాది అని భావిస్తున్నాము.

మన చిత్తూరు, తిరుపతి ప్రాంతాలలో ఎన్నో కుటుంబాలకు పాడియే జీవనాధారం. పాలకేంద్రంలో పాల పరిమాణాన్ని, వెన్న శాతాన్ని, వెన్న కాని ఘనపదార్థాల శాతాన్ని వ్రాసుకొంటారు. రైతుకు ముట్టే సొమ్ము ఆ అంకెలను బట్టియే. 4.2 అని వ్రాయవలసినచోట 2.4 అని పడితే ఆ ఇంటికి నష్టమే. ఒక కేంద్రం లీటర్లలోను, మరొక కేంద్రం కిలోలలోను వ్రాస్తే, ఇద్దరూ నిజమే వ్రాసినా మొత్తం లెక్క తప్పుతుంది. వెయ్యి లీటర్ల పాలు సుమారు 1,030 కిలోలు తూగుతాయి కదా! కావున నాణ్యత అంటే ఏమిటో ప్రతి సంస్థ ముందుగా నిర్వచించుకోవాలి. వివరం నిజమై ఉండాలి, లోపం లేక పూర్తిగా ఉండాలి, సకాలంలో వ్రాయబడాలి, అన్నిచోట్లా ఒకే కొలతలో ఉండాలి.

పేర్ల సమస్య మనకు మరీ దగ్గరది. ఉర్దూలో ఒకే విధంగా వ్రాసే పేరు తెలుగులో ‘హుస్సేన్’, ‘హుసేన్’, ‘ఉసేను’ అవుతుంది. రోమన్ లిపిలో మరెన్ని రూపాలో! జీతాల పట్టీలో ఒకటి, బ్యాంకు ఖాతాలో మరొకటి ఉంటే ఒక మనిషి కాగితాల మీద ఇద్దరవుతాడు. సొమ్ము ఏ ఒక్కరికీ అందదు.

చివరలో తనిఖీ చేస్తే చాలదా అని కొందరంటారు. హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ లెక్కలపై ఆడిటర్లు సంతకాలు చేస్తూనే వచ్చారు. అయినను, ఖాతాలలో చూపిన నగదు, బ్యాంకు నిల్వలలో 5,040 కోట్ల రూపాయలు లేనివేనని ఆ సంస్థ అధ్యక్షుడు రామలింగరాజు 2009 జనవరి 7న లేఖ ద్వారా ఒప్పుకొన్నారు. అది బుద్ధిపూర్వకమైన మోసం. పొరపాటైనా, మోసమైనా, పుస్తకంలోకి ఎక్కిన అసత్యాన్ని చివరి సంతకం నిజం చేయజాలదు.

కావున జాగ్రత్త వ్రాసేచోటనే ఉండాలి. కొలతను రైతు ఎదుటనే వ్రాసి, చదివి వినిపించి, చీటీ చేతికివ్వాలి. నిన్నటి అంకెకు, నేటి అంకెకు పెద్ద తేడా కనిపిస్తే మరల పరీక్షించాలి. పేరును ఆ మనిషినే అడిగి సరిచూసుకోవాలి. తప్పును దిద్దినపుడు పాత అంకెను చెరపక, ప్రక్కన తేదీ, సంతకం ఉంచాలి. కంప్యూటరు ఉన్నంత మాత్రాన ఈ బాధ్యత తీరదు. తప్పు అంకెనిస్తే అది తప్పునే వేగంగా కూడుతుంది.

రేపు మనలో పలువురం ఏదో ఒక లెక్కల బల్ల ముందు కూర్చుంటాము. మనం వ్రాసే ప్రతి అంకె వెనుక ఒక మనిషి కష్టార్జితం ఉన్నదని మరువకుందాము.